గేర్‌బాక్స్ దించనిచ్చే ముందే రేటు రాయించుకోండి: వానాకాలం జాగ్రత్తలు

మా కాలనీలో ఒకాయన కారు ఇంకా షెడ్డులోనే ఉంది. గేర్లు సరిగా పడటం లేదని తీసుకెళ్తే ముప్పై ఐదు వేలలో అయిపోతుందన్నారు. బాక్సు దించి విప్పాక డెబ్బై అన్నారు, ఆ తర్వాత లక్ష దాటించారు. "వద్దు, బండి ఇచ్చేయండి" అంటే, తిరిగి బిగించడానికి వేరే లేబర్ కట్టమన్నారు. నీళ్లు నిలిచిన రోడ్ల మీద తిరిగిన బళ్లు వరసగా షెడ్లకు చేరే రోజులు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

నాలుగు చోట్ల అడగడం, బేరమాడటం అందరికీ తెలుసు. నేను చూసినంతలో మనుషుల్ని ముంచేది ఒక్కటే: కాగితం మీద రేటు లేకుండా బాక్సు దించనివ్వడం. బాక్సు కిందికి దిగిందంటే బండి కదలదు. ఇంకో షెడ్డుకు తీసుకెళ్లలేరు. ఆ తర్వాత వాళ్లు చెప్పిందే రేటు.

"విప్పితేగానీ చెప్పలేం సార్" అంటారు. అది నిజమే. గేరు మారేటప్పుడు గరగరమనకుండా చూసే సింక్రో రింగు అరిగిందో, బేరింగ్ పోయిందో బయటినుంచి ఎంత పెద్ద మేస్త్రీకైనా కనిపించదు. అందుకే ఎస్టిమేట్ రెండు విడతల్లో అడగండి. మొదటిది, దించి విప్పి చూడటానికి, మీరు వద్దంటే తిరిగి బిగించి ఇవ్వడానికి కలిపి ఎంత. రెండోది, విప్పాక ఏ పార్టు ఎంత, అరిగిన చోట ఫొటోతో సహా. రెండోదానికి మీరు సరే అనేదాకా ఒక్క పార్టు కూడా కొనకూడదని మొదటి కాగితం మీదే రాయించండి.

బాక్సు దించకుండానే తెలిసేవి

ఇంజిన్ ఆపితే గేర్లు సాఫీగా పడుతూ, స్టార్ట్ చేస్తే పడకపోతే ముందు అనుమానించాల్సింది క్లచ్‌ని. కేబులో, సిలిండరో చూపిస్తే సరిపోయేదానికి బాక్సు దించుతామంటే ఆగండి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తూ బండి మాత్రం వేగం అందుకోకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు. న్యూట్రల్‌లో వచ్చే శబ్దం క్లచ్ తొక్కగానే ఆగిపోతే బాక్సులోని ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ కావచ్చు, తొక్కినప్పుడే వస్తే క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ కావచ్చు. ఒక్క గేరు వేసేటప్పుడే గరగరమంటే ఆ గేరు సింక్రో రింగు కావచ్చు. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి ఇవన్నీ చూపించాకే రేటు అడగండి. ఫోన్లో చెప్పిన రేటును లెక్కలోకి తీసుకోకండి.

ఆటోమేటిక్ అయితే ముందు స్కానింగ్, అంటే బండి కంప్యూటర్‌లో నమోదైన ఫాల్ట్ కోడ్లు చదివించడం. రిపోర్టు కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పీ0700 అనే కోడ్ చూపించి బాక్సు మొత్తం మార్చాలంటే ఒప్పుకోవద్దు. ట్రాన్స్‌మిషన్ కంట్రోల్‌లో ఏదో ఫాల్ట్ నమోదైందని మాత్రమే దానర్థం, ఏ పార్టో అది చెప్పదు. మిగతా కోడ్లు కూడా చదవమనండి.

ఎస్టిమేట్ కాగితం మీద

పార్టు పేరు, నంబరు, కంపెనీదా, బయటిదా, సెకండ్సా, అన్నీ విడివిడిగా ఉండాలి. లేబర్ వేరుగా, ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లో వేరుగా. సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) బాక్సులో కంపెనీ చెప్పిన ఆయిలే పడాలి, వేరేది పోస్తే లోపలి బెల్టు జారి బాగుచేసిన బాక్సు కూడా పోవచ్చు. జీఎస్టీ కలిపిన మొత్తమే అడగండి. 40,000 పార్టు 18 శాతంతో 47,200 అవుతుంది. ఆ తేడా బిల్లు రోజున తెలిస్తే టెన్షన్ మీకే.

నీళ్లలో మునిగితే

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటప్పుడు స్టార్ట్ చేయకండి. టోయింగ్ చేయించండి. ఇన్సూరెన్స్ సర్వేయర్ చూడకముందే బాక్సు విప్పితే క్లెయిముకే ఎసరు వస్తుంది. ఇక్కడా అదే మాట: కాగితం లేకుండా దించనివ్వకండి. నీళ్లు చేరి గేర్‌బాక్స్ లోపల పాడైతే మామూలు పాలసీ చాలకపోవచ్చు, దానిమీద అదనంగా తీసుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడాన్ ఉందో లేదో, అందులో గేర్‌బాక్స్ ఉందో లేదో వానలకు ముందే చూసుకోండి. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా మారితే లోపలికి నీళ్లు చేరినట్టే, ఇక నడపకండి.

ఇంకొన్ని:

కాగితం లేకుండా దించనివ్వకండి. తెలిసిన షెడ్డయినా సరే.

జాబ్ కార్డు (బండి తీసుకునేటప్పుడు షెడ్డువాళ్లు రాసే కాగితం) మీద కిలోమీటర్ల రీడింగ్ రాయించి ఫొటో తీసుకోండి.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.

మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. పార్టులకు అడ్వాన్స్ ఇస్తే రసీదు తీసుకోండి.

"బాక్సే మార్చేద్దాం, సెకండ్స్ ఉంది" అంటే దాని నంబరు, వారంటీ ఎన్ని నెలలో రాసివ్వమనండి. మీ పాత బాక్సు ఎవరికి చెందుతుందో కూడా రాయించండి.

క్లచ్ కోసం దించినప్పుడు క్రాంక్ ఆయిల్ సీల్ (ఇంజిన్ ఆయిల్ బయటికి కారకుండా ఆపేది) కూడా చూపించమనండి. తర్వాత అది కారితే మళ్లీ అదే లేబర్ కట్టాలి.

తీసేసిన పాత పార్టులన్నీ మీకే ఇవ్వాలి. ముందే చెప్పండి.

రేటు పెరిగితే వాట్సాప్‌లో రాసి పంపమనండి, నోటి మాటకు సరే అనకండి.

ఎస్టిమేట్‌కీ బిల్లుకీ పొంతన లేకపోతే అక్కడ గొడవ పడకండి. కాగితాలు పట్టుకుని 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

బండి తీసుకునే రోజు మేస్త్రీతో కలిసి రివర్స్‌తో సహా ప్రతి గేరూ వేసి నడపండి. బాక్సు కింద ఆయిల్ కారుతోందేమో వంగి చూడండి. మిగతా డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి.