వేల్స్ పాత క్విల్ట్‌లు చూడాలంటే ముందు లైట్ పక్కకి జరపండి

నర్సాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లే ఇళ్ళలో పెరిగినోళ్ళకి చేతిపని చూడటం ఎవరూ నేర్పక్కర్లేదు గానీ, వేల్స్ క్విల్ట్ (బ్రిటన్‌లో వేల్స్ వాళ్ళు కుట్టే బొంత లాంటి దుప్పటి) ఫోటో చూపిస్తే మాత్రం మనోళ్ళు కూడా ఎరుపు బావుంది నలుపు బావుంది అని రంగుల దగ్గరే ఆగిపోతారు. అసలు పనంతా కుట్టులో ఉందండి.

కుట్టు కనపడాలంటే వెలుతురు పక్క నుంచి పడాలి, ఎదురుగా ట్యూబ్‌లైట్ వేస్తే అంతా చదునుగా కనిపిస్తది. ప్రాక్టీసుకి అటక మీదున్న మామ్మ బొంత దింపి పొద్దున్న ఎండ ఏటవాలుగా పడేచోట పరవండి, కుట్టు పడ్డచోట గుంట, మధ్యలో ఉబ్బు, నీడల్ని బట్టి తెలిసిపోద్ది. వేల్స్ వాటిలో ఈ ఉబ్బు ఇంకా ఎక్కువ, మనం పాత చీరలు పొరలేస్తాం, వాళ్ళు రెండు గుడ్డల మధ్యన ఏకిన గొర్రె ఉన్ని పరిచేవాళ్ళు, ఒక్కోసారి అరిగిపోయిన కంబళే లోపల పెట్టి కుట్టేసేవాళ్ళు.

ఇప్పుడు డిజైన్. మధ్యలోంచి మొదలెట్టి బయటికి రండి. చాలావాటిలో నడుమ ఒక పెద్ద వృత్తం, దాని చుట్టూ వరసగా అంచులు, మూలల్లో చదరాలు. వాటి లోపల ఆకులు, హార్టులు, సుడులు, విసనకర్రలు, మన జరీ అంచుల్లో ఉండే మామిడిపిందె లాంటిది కూడా. ఒక్కో ఆకారాన్నీ జంట గీతల కుట్టుతో గడిలో పెట్టేస్తారు చూడండి, అది పట్టుకుంటే చాలు. ఇంగ్లండ్ ఉత్తరాన డర్హమ్ వైపు పనిలో అంచు డిజైను మెలికలు తిరుగుతూ ఆగకుండా సాగిపోద్ది, వేల్స్ పనిలో గడి గడికీ ఆగుద్ది.

అంగుళానికి ఎన్ని కుట్లు అని లెక్కెట్టకండి. పైన దళసరి ఫ్లానెల్ అనే ఉన్ని గుడ్డ, లోపల ఉన్ని, అందులో సూది దూరడమే గొప్ప, కుట్టు కాస్త పెద్దదే పడుద్ది. సైజు వదిలేసి సమానంగా ఉందా లేదా చూడండి, సుడి తిరిగే దగ్గర లైను వంకరపోయిందా చూడండి. తర్వాత తిరగేసి వెనకవైపు, ఆ తర్వాత అంచు. పాతవాటిలో రెండు గుడ్డల చివరలూ లోపలికి మడిచి పైన రన్నింగ్ కుట్టు వేసేస్తారు, చుట్టూ పట్టీ ఉండదు. పట్టీ కనిపిస్తే తర్వాతెవరో బాగుచేసి ఉండొచ్చు.

సాటిన్, పట్టు మీద నాజూగ్గా కుట్టినవి కనిపిస్తే అవి వేరే కథ. 1928లో రూరల్ ఇండస్ట్రీస్ బ్యూరో అనే సంస్థ, బొగ్గుగనుల పని దెబ్బతిన్న ఊళ్ళల్లో ఆడవాళ్ళకి ఆదాయం కోసమని ఈ పనిని మళ్ళీ లేపింది, ఆ క్విల్ట్‌లు లండన్‌లో క్లారిడ్జెస్ అనే ఖరీదైన హోటల్‌కి కూడా వెళ్ళాయి. మన లేసులాగే, కుట్టేది పల్లెలో వాడేది దొరలు. నాకైతే ఆ ఖరీదైనవాటి కన్నా మోటు ఫ్లానెల్‌వే ఇష్టం.

రెక్సమ్ ఊరి దర్జీ జేమ్స్ విలియమ్స్ 1842 నుంచి 1852 దాకా 4,525 గుడ్డ ముక్కలతో చేసిన క్విల్ట్ మాత్రం ఈ లెక్కలోకి రాదు, దాంట్లో చూడాల్సింది ముక్కల అతుకే, నోవా ఓడ, రైలు, వంతెన అన్నీ ఉంటాయి. అది కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ మ్యూజియం వాళ్ళది. అటువైపు మీ పిల్లలెవరైనా ఉంటే వెళ్ళే ముందు అది బయట పెట్టారో లేదో కనుక్కోమనండి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు డబ్బు కట్టకముందే మూడు ఫోటోలు అడగండి, పక్క వెలుతురులో ఒకటి, వెనకవైపు ఒకటి, అంచు దగ్గరగా ఒకటి. పైనుంచి ఫ్లాష్ కొట్టి తీసిన ఫోటోలో కుట్టు గురించి ఏమీ తెలీదు.