అభ్యర్థుల చర్చా వేదిక: తిరుపతిలో అనుమతికి దరఖాస్తు విధానం

2024లో తిరుపతి అసెంబ్లీ స్థానానికి 46 మంది పోటీపడ్డారు. రాష్ట్రంలో అంతమంది ఇంకెక్కడా లేరు. ఇంతమందిని వేదిక ఎక్కించి మనిషికి 3 నిమిషాలిచ్చినా 138 నిమిషాలు. అందుకే చర్చ పెట్టాలనుకునే కాలేజీ అయినా, కాలనీ సంఘమైనా హాలు చూసుకునే ముందు ఎవర్ని పిలవాలో తేల్చుకోవాలి.

ప్రైవేటు వేదికకు ఫలానా వాళ్లనే పిలవాలన్న చట్టం లేదు. దూరదర్శన్, ఆకాశవాణి చర్చల్లో గుర్తింపు పొందిన పార్టీలకే చోటు, పార్టీకి ఒక ప్రతినిధి, స్వతంత్రులకు లేదు. అమెరికా అధ్యక్ష చర్చలకు సర్వేల్లో 15 శాతం మద్దతు అడిగేవారు. ఒక్క నియోజకవర్గానికి నమ్మదగ్గ సర్వే ఎక్కడ దొరుకుతుంది? గుర్తింపు పార్టీల అభ్యర్థులందరినీ పిలిచి, మిగతావారిలో నలుగురిని అందరి ఎదుట చీటీలు తీసి ఎంచడం మేలు. ఓపికుంటే 23 మంది చొప్పున రెండు పూటలు పెట్టండి. ఏ పద్ధతైనా నామినేషన్లు మొదలవకముందే రాసి, తేదీతో సంతకం చేయండి. పేర్లు తెలిశాక రాస్తే, ఎవరినో తప్పించడానికే రాశారంటారు.

పేర్లు ఫారం 7ఏ నుంచే తీసుకోవాలి. నామినేషన్ల ఉపసంహరణ గడువు దాటాక రిటర్నింగ్ అధికారి (నియోజకవర్గంలో ఎన్నిక నిర్వహించే అధికారి) ప్రకటించే తుది జాబితా అది. చిరునామాలూ అందులోనే ఉంటాయి. 2024లో ఆ గడువు ఏప్రిల్ 29, ప్రచారం ముగిసింది మే 11 సాయంత్రం. చేతిలో ఉన్నది 12 రోజులే. ఆహ్వానాలన్నీ ఒకే రోజు పంపి, అభ్యర్థి చేతనో ఎన్నికల ఏజెంటు చేతనో అందినట్టు సంతకం పెట్టించుకోండి.

సభ అనుమతికి పార్టీలు, అభ్యర్థులు ఎన్నికల సంఘం ఆన్‌లైన్ వేదిక సువిధ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తారు. సంస్థలు రిటర్నింగ్ అధికారి ఆఫీసులో కాగితం మీద ఇచ్చి, రసీదు తీసుకోవాలి. సభకు కనీసం 48 గంటల ముందు అందాలి. ఒకే మైదానానికి ఇద్దరు అడిగితే ముందు అడిగినవారిదే. హాలు యజమాని సమ్మతి పత్రం, తేదీ, మొదలయ్యే ముగిసే వేళలు, రాబోయే జనం అంచనా, మైకుల సంఖ్య, ఆహ్వాన నియమం, ఖర్చు అంచనా జతచేయండి. మైకుకు విడిగా అనుమతి అడగాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అది మోగకూడదు.

ఎక్కువగా బెడిసికొట్టేది ఖర్చు దగ్గర. షామియానా డబ్బు ఒక అభ్యర్థి ఇస్తే అది ఆయన 40 లక్షల రూపాయల ఎన్నికల ఖర్చు పరిమితిలోకి వెళ్తుంది. ఆయన రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం ఇంకెవరైనా సభ పెట్టి ఖర్చు చేస్తే భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ కింద నేరం. భోజనాల బిల్లు సహా అన్నీ సంస్థ పేరునే ఉండాలి. ఖాళీగా ఉంది కదా అని గుడి మండపం అడగొద్దు. ప్రార్థనా స్థలాలను ప్రచారానికి వాడకూడదు. తిరుమల కొండ మీద రాజకీయ ప్రసంగాలను టీటీడీ కూడా నిషేధించింది.

పిలిచినా రాని అభ్యర్థి 3 నిమిషాలు మరొకరికి ఇవ్వకండి. పేరు చదివి, రాలేదని చెప్పి, వీడియోలో నమోదయ్యాక తర్వాతి పేరు పిలవండి.