పదో తరగతి ఇంగ్లిష్ పరీక్షకి కొత్త మాటలు నేర్చుకునే పద్ధతి

మార్చిలో పబ్లిక్ పరీక్షలనగానే పిల్లలు గైడు వెనక ఉన్న పదాల పట్టిక పట్టుకుని కూర్చుంటారు. రిలక్టెంట్ అంటే అయిష్టమైన, రిలక్టెంట్ అంటే అయిష్టమైన, ఇలా పదిసార్లు. మూడో రోజు అడిగితే తెల్లమొహం వేస్తారు. నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే ఒకమ్మాయి ఇలాగే నాలుగు వందల మాటలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్న నోట్‌బుక్ తెచ్చి చూపించింది. అందులో ఏదో ఒక మాటతో వాక్యం చెప్పమ్మా అంటే పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అంత కష్టం అలా వృథా అయితే నాకే మనసు ఒప్పలేదు.

ముందు పాత పేపర్లు తీసి చూడండి. పేరా ఇచ్చి గీత గీసిన మాటకి పర్యాయపదమో వ్యతిరేకపదమో అడుగుతారు, డిసైడ్, డెసిషన్, డిసైసివ్‌లలో ఖాళీకి ఏది సరిపోతుందో అడుగుతారు, స్పెల్లింగ్‌లో వదిలేసిన అక్షరాలు పూరించమంటారు. తెలుగులో అర్థం రాయమని అడగరు. మనం బట్టీ పట్టేది మాత్రం అదొక్కటే.

అందుకే మాటని కుటుంబంతో సహా నేర్చుకోవాలి. తెలుగు చదివిన పిల్లలకి ఇది కొత్త విద్యేం కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం, అన్నిట్లో ఉన్నది ఒకే హారం, ముందు చేరిన ఉపసర్గని బట్టి తిండీ అవుతుంది, షికారూ అవుతుంది, చంపడమూ అవుతుంది. లాటిన్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాటలూ అంతే. స్పెక్ట్ అంటే చూడడం. ఇన్‌స్పెక్ట్ అంటే లోపలికి చూడడం, అంటే తనిఖీ. సస్పెక్ట్ అంటే కింది నుంచి చూడడం, మనం అనుమానంగా ఓరచూపు చూస్తామే, అదే. రెస్పెక్ట్ అంటే మళ్ళీ వెనక్కి తిరిగి చూడడం, అలా చూడాలనిపించే మనిషి అంటే మనకి గౌరవమే కదా. మ్యాచ్ చూసేవాడు స్పెక్టేటర్. ఒక్క వేరు పట్టుకుంటే నాలుగు మాటలు వచ్చేశాయి. ఇలాగే పోర్ట్ అంటే మోయడం, డిక్ట్ అంటే చెప్పడం, మిగతావి మీరే వెతకండి.

వ్యతిరేకపదాల్లో చాలామంది ఇన్, ఇమ్, ఇర్ దగ్గర తికమకపడతారు. ఇదీ మన సంధి లాంటిదే. పెదాలు కలిపి పలికే పి, బి, ఎమ్ ముందు ఇన్ కాస్తా ఇమ్ అవుతుంది: ఇంపాజిబుల్. ఎల్ ముందు ఇల్లీగల్, ఆర్ ముందు ఇర్రెగ్యులర్. అన్ మాత్రం దేని ముందూ మారదు, అందుకే అన్‌పాపులర్, అన్‌రియల్.

ఇక ఒక్కో మాటకి ఒక్కో కార్డు రాసుకోవాలి, అది ఎలాగో చెప్తాను. పోస్టుకార్డులో సగం ఉన్న అట్టముక్క చాలు. ముందువైపు రిలక్టెంట్ అని ఒక్క మాటే. వెనకవైపు రిలక్టెన్స్, రిలక్టెంట్లీ, అంటే నామవాచకం, క్రియా విశేషణం. దాని కింద పక్కన వచ్చే మాట: రిలక్టెంట్ టు. ఈ టు రాసుకోకపోతే వాక్యంలో తప్పకుండా తప్పు చేస్తారు. ఆ కింద మీ ఇంట్లో నిజంగా జరిగిన విషయంతో ఒక వాక్యం ఇంగ్లిష్‌లో రాయండి. పొద్దున్నే పాలప్యాకెట్ తెమ్మని అమ్మ లేపితే కాళ్ళీడ్చుకుంటూ వెళ్తారే, అది రాయండి. గైడులో వాక్యం వద్దు, మనది కానిది గుర్తుండదు. రోజుకి ఐదు కార్డులు, అంతకు మించి వద్దు.

పర్యాయపదం రాసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. థ్రిఫ్టీ, స్టింజీ రెండూ డబ్బు ఖర్చుపెట్టని మనిషే, కానీ ఒకరు పొదుపరి, ఇంకొకరు పిసినారి. స్లిమ్ అంటే సంతోషిస్తారు, స్కిన్నీ అంటే మొహం మాడ్చుకుంటారు. పక్కన చిన్న ప్లస్సో మైనస్సో పెట్టుకోండి.

చదివింది మర్చిపోవడం గురించి టెన్షన్ వద్దు. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థంలేని అక్షరాలు తనే కంఠస్థం చేసి, ఎంత మర్చిపోతున్నాడో లెక్క కట్టి 1885లో ప్రచురించాడు. ఎక్కువ భాగం మొదటిరోజే జారిపోతుందని తేలింది. మందు ఏమిటంటే, జారిపోకముందే మళ్ళీ గుర్తుచేసుకోవడం. మూడు స్వీటు డబ్బాలు తీసుకోండి. కొత్త కార్డులు మొదటి డబ్బాలో, రోజూ చూడాలి. అట్ట తిప్పకుండా వెనక ఉన్నదంతా చెప్పగలిగితే రెండో డబ్బాకి, అది మూడురోజులకొకసారి. మళ్ళీ చెప్తే మూడో డబ్బాకి, వారానికొకసారి. తప్పితే ఏ డబ్బాలో ఉన్నా మొదటిదానికే రావాలి. తిప్పి చూసి "ఆఁ, నాకు తెలుసు" అనుకోవడం మాత్రం లెక్కలోకి రాదు.

స్పెల్లింగ్‌కి చేత్తో రాయడం తప్ప దారి లేదు. పలకని అక్షరాలని లోపల్లోపల పలుకుతూ రాయండి, వెడ్‌నెస్‌డే అని మనం చిన్నప్పుడు నేర్చుకున్నట్టు. నెసెసరీలో సి ఒకటి, ఎస్‌లు రెండు. బిలీవ్‌లో ఐ ముందు, రిసీవ్‌లో సి తర్వాత కాబట్టి ఈ ముందు.

హాల్లో ఎప్పుడూ చూడని మాట వస్తే పెన్ను కిందపెట్టి ఆ వాక్యం మొత్తం రెండుసార్లు చదవండి. మధ్యలో బట్ ఉంటే అటూ ఇటూ ఉన్నవి ఎదురెదురు అర్థాలు, బికాజ్ ఉంటే కారణం పక్కనే ఉంది. ఆ మాట తీసేసి అక్కడ మీకు తెలిసిన మాట పెట్టి చూడండి, వాక్యం నిలబడితే అదే రాసెయ్యండి.