కళల గ్రాంటు అర్జీ పంపే ముందు జాగ్రత్తలు

బెంగళూరులో మారతహళ్లి వైపు వీధి గోడకు బొమ్మలు, బస్టాపు పక్కన అరుగు కావాలని గ్రాంటు అడగబోయే మన తెలుగు కుటుంబాల కోసం.

– ముందు గోడ ఎవరిదో తేల్చండి. రైల్వేదా, మెట్రోదా, నగరపాలక సంస్థదా? రాతపూర్వక అనుమతి లేనిదే కుంచె ముట్టవద్దు. బహిరంగ స్థలాలను పాడుచేయడాన్ని నిషేధించే కర్ణాటక చట్టం 1981 నుంచే ఉంది. మన కంటికి అందం మరొకరి కంటికి మరక కావచ్చు. పైగా 2025 సెప్టెంబరులో పాత బెంగళూరు మహానగర పాలికె (బీబీఎంపీ) స్థానంలో ఐదు నగరపాలక సంస్థలు వచ్చాయి. మీ వీధి దేని కిందకు వస్తుందో చూసి, ఆ పేరుతోనే అర్జీ రాయండి.

– విదేశీ నిధులా? విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదో, ముందస్తు అనుమతో లేకపోతే వదిలేయండి.

– బడ్జెట్‌లో రంగులు, పరంజా, కళాకారుల పారితోషికం అందరూ రాస్తారు. రెండు వానాకాలాలు గడిచాక మళ్లీ వేయాల్సిన రంగు ఖర్చు మాత్రం దాదాపు ఎవరికీ గుర్తుండదు.

– అరుగు నమూనాను అక్కడ పూలమ్మే ఆవిడకు చూపించారా? ఆమె బుట్ట ఎక్కడ పెట్టుకోవాలి?

– మనలో మనం తెలుగులో మాట్లాడుకున్నా, వీధిలో అంటించే నోటీసు కన్నడలో ఉండాలి.

– గడువు చివరి రాత్రి ఇంటర్నెట్‌ను నమ్మకండి.