తక్కువ మార్కులతో కెనడా స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

సెప్టెంబరు ఇంటేక్‌కు దరఖాస్తు చేయబోయే, బ్యాక్‌లాగ్‌లున్న విద్యార్థుల కోసం ఈ జాగ్రత్తలు.

• మార్కుల మెమోలను దిద్దించవద్దు, నకిలీ అనుభవ పత్రాలు జతచేయవద్దు. తప్పుడు సమాచారమని తేలితే వ్యవహారం తిరస్కరణతో ఆగదు, 5 ఏళ్లపాటు కెనడాలో ప్రవేశానికే అనర్హులవుతారు. ఫారం నింపింది కన్సల్టెన్సీయే అయినా బాధ్యత మీదే.

• గతంలో ఏ దేశం వీసా నిరాకరించినా తప్పక పేర్కొనండి. దాచడం కూడా తప్పుడు సమాచారం కిందికే వస్తుంది.

• ఏ సబ్జెక్టు ఏ సెమిస్టర్‌లో తప్పారో, ఏ సప్లిమెంటరీలో గట్టెక్కారో వివరణ లేఖలో తేదీలతో రాయండి. టైఫాయిడ్ వల్ల పరీక్షలు పోయాయంటే ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ జతచేయాలి, ఆ తరువాతి సెమిస్టర్లలో మార్కులు పెరిగి ఉంటే దాన్ని ప్రత్యేకంగా చూపాలి. కన్సల్టెన్సీలు అందరికీ ఒకేలా అచ్చువేసి ఇచ్చే లేఖలో మీ మెమోకు జవాబు ఉండదు.

• సీటు సులువుగా వస్తుందని మెకానికల్ బీటెక్ తరువాత ఏదో ఒక డిప్లొమా ఎంచుకుంటే, ఆ చదువు మీకెందుకో అధికారిని ఒప్పించడం కష్టం.

• క్యూబెక్ మినహా, ఒంటరిగా వెళ్లేవారు ట్యూషన్ ఫీజు, ప్రయాణ ఖర్చులు కాక 22,895 కెనడియన్ డాలర్లు చూపాలి (2025 సెప్టెంబరు 1 నుంచి). దరఖాస్తుకు ముందు ఒక్కసారిగా ఖాతాలో పడిన సొమ్ము ఎక్కడిదో పత్రాలతో నిరూపించండి.

• సీనియర్లు చెప్పే ఎస్‌డీఎస్ (స్టూడెంట్ డైరెక్ట్ స్ట్రీమ్, స్టడీ పర్మిట్ దరఖాస్తులను త్వరగా పరిశీలించే) మార్గం 2024 నవంబరు 8న రద్దయింది. దాన్ని నమ్ముకుని గడువు లెక్క వేయవద్దు.