‘టోస్కా’ ఒపేరా వీడియో ఇంట్లో చూడాలంటే

ఇటలీ స్వరకర్త పుచ్చీని రాసిన ‘టోస్కా’ ఒపేరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, మూడు అంకాలు. విరామాలు తీసేస్తే దాదాపు రెండు గంటలు. 1800 జూన్‌లో రోమ్‌లో జరిగే ఈ కథను ముందే చదివేయండి. ముగ్గురు ప్రధాన పాత్రలూ చనిపోతారని తెలిసినా పట్టు సడలదు. పైగా కళ్లు సబ్‌టైటిళ్ల మీద కాక ముఖాల మీద నిలుస్తాయి.

అసలు సంగతి వాల్యూమ్. టీవీలో నైట్ మోడ్, ఆటో వాల్యూమ్ రెండూ ఆపేయండి. లేకపోతే సన్నని స్వరం, ఉరిమే స్వరం ఒకే మోతాదులో వినిపించి గానం చప్పబడిపోతుంది. మొట్టమొదట ఆర్కెస్ట్రా మోగించే మూడు భారీ స్వరగుచ్ఛాలు (ఒకేసారి మోగే స్వరాలు) క్రూరుడైన పోలీసు అధిపతి స్కార్పియా పాత్రకు గుర్తు. అవి బలంగా, చెవి నొప్పి పుట్టకుండా వినిపించే చోట వాల్యూమ్ పెట్టి ఇక ముట్టుకోకండి. మూడో అంకంలో గొర్రెలకాపరి కుర్రాడి పాట దూరంగా ఉందని పెంచారో, తర్వాత తుపాకుల మోతకు ఉలిక్కిపడతారు.

పెదవులకూ పాటకూ పొంతన లేకపోతే బ్లూటూత్ స్పీకర్ తీసేసి వైరు పెట్టండి; అప్పటికీ కుదరకపోతే టీవీ సెట్టింగుల్లో ధ్వనిని ముందువెనకలు జరిపే ఆడియో డిలే సవరించండి. ముందే రికార్డు చేసిన పాటకు నటించిన సినిమా అయితే కాస్త తేడా మిగిలే ఉంటుంది.

రెండో అంకాన్ని మాత్రం మధ్యలో ఆపకండి. చిత్రహింస, బేరం, టోస్కా పాడే ‘విస్సి దార్తే’ ప్రార్థన, హత్య ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి.