ఇద్దరికి సరిపడా ముంజలు, సాయంత్రం ట్యాంక్‌బండ్

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ రోడ్ల పక్కన తాటికాయల గుట్టలు కనిపిస్తాయి. ఒక్కో కాయలో మామూలుగా 3 ముంజలు ఉంటాయి, కాబట్టి ఇద్దరికి 4 కాయలు చాలు. ముందే తీసి కవర్లో కట్టినవి వద్దు, కళ్లముందే కొట్టించుకోండి. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి, నీళ్లు కదిలినట్టు తెలియాలి. గట్టిగా ఉంటే ముదిరినట్టే, తిన్నా అరగడం కష్టం.

పైపొర వగరు. చల్లటి నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, అంచు దగ్గర బొటనవేలితో లేపి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. గోరు దిగిందా, లోపలి తియ్యటి నీళ్లన్నీ కారిపోతాయి. అసలు రుచంతా ఆ నీళ్లలోనే ఉంది! ఒలిచినవి ఆ పూటే తినేయండి, నిలవుంటే పులుస్తాయి.

మిగిలితే షర్బత్ చేసుకోవచ్చు. చెంచాడు సబ్జా గింజలు కప్పు నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి రెండు గ్లాసుల్లో పంచండి. ముంజ ముక్కలు, రెండేసి చెంచాల నన్నారి సిరప్, నిమ్మరసం, చల్లటి నీళ్లు కలపండి. సబ్జాను నేరుగా సిరప్‌లో వేస్తే ఉండకట్టి సరిగా ఉబ్బదు.

ట్యాంక్‌బండ్‌కి ఆరు దాటాకే బయల్దేరండి, అంతకుముందు గట్టు మీద సెగ తగ్గదు. బుద్ధుడి విగ్రహం దగ్గరికి లుంబిని పార్కు నుంచి బోటు ఉంటుంది. 1992లో హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబెట్టిన ఏకశిలా విగ్రహమది, కిందనుంచి తలెత్తి చూడాల్సిందే. మబ్బు కమ్మి గాలిదుమారం లేస్తే బోట్లు ఆపేస్తారు. అందుకే ముందు బోటెక్కండి, మిర్చిబజ్జీ తర్వాత.